మా పార్కు అభివృద్ధి చెందుతోంది

లేఅవుట్ వేసినవాడు పది శాతం జాగా వదలాలి, అందులో పార్కు రావాలి అని రూలుంది. కానీ జాగా ఊరికే పడి ఉంటే చూసి తట్టుకునే గుండె మనవాళ్లకు లేదు. పనీపాటా లేని కుర్రాడికి పెళ్లి చేసేసినట్టు, ఖాళీ స్థలానికి ఏదో ఒకటి చేసేస్తే తప్ప నిద్ర పట్టదు.

మా కాలనీ పార్కునే చూడండి. ప్లాను కాగితం మీద ఆకుపచ్చ రంగేసిన ఎకరం అది. మొదట ఈశాన్యాన వినాయకుడు వెలిశాడు. స్వయంభువే, సిమెంటు బస్తాలు మాత్రం కమిటీ తెచ్చింది. దేవుడున్నాక పూజారి, పూజారన్నాక గది, గదన్నాక బాత్రూము. ఇంకో మూల మంచినీళ్ల ట్యాంకు లేచింది. నీళ్లొద్దని ఎవరంటారు? ట్యాంకుకు వాచ్‌మన్, వాచ్‌మన్‌కు సంసారం, ఆ సంసారం బట్టలారేసుకోడానికి వాకింగ్ ట్రాక్ రెయిలింగు. ఆ పక్కనే కమిటీ హాలు, పార్కును కాపాడుకోవడం ఎలాగో కూర్చుని మాట్లాడుకోడానికి. తర్వాత ఓపెన్ జిమ్ము. ఆ తర్వాత కాలనీని ప్రేమిస్తున్నామని ఇంగ్లిషులో చెప్పే నిలువెత్తు అక్షరాలు, మధ్యలో ఎర్ర గుండెకాయ. రాత్రిపూట గుండెకాయ సగమే వెలుగుతుంది.

బెంగళూరు పార్కు జాగా ఒకటి ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చేస్తే 1991లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పార్కుకని వదిలింది పార్కుకే ఉండాలంది. ఆ తీర్పును మావాళ్లు తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. ఇంతవరకూ ఆసుపత్రి కట్టలేదు.

గేటు దగ్గర నియమాల బోర్డు ఉంది. గడ్డి మీద నడవరాదు. పూలు కోయరాదు. బంతాట నిషేధం. 2021లో హైదరాబాద్ ఇందిరా పార్కు గేటుకు పెళ్లికాని జంటలు లోపలికి రాకూడదని బ్యానరు కట్టారు, గొడవయ్యాక క్షమాపణ చెప్పి తీసేశారు. మా కమిటీ అంత దుందుడుకుగా పోలేదు. నోరెత్తకుండా బెంచీలు పీకించేసింది.

ఇలా సాగిపోతుండగా 2024 జులైలో హైదరాబాద్‌లో ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చింది. పార్కు జాగాల్లో కట్టినవాటి మీదికి యంత్రాలు కదలడం టీవీల్లో చూసేసరికి మా అధ్యక్షులవారికి ప్రకృతి మీద ఒక్కసారిగా ప్రేమ పొంగింది. ఇది ముమ్మాటికీ పార్కే అని రుజువులు కావాలి. రుజువంటే ఫోటోలు, ఫోటోలంటే కార్యక్రమాలు.

ముందు వన మహోత్సవం. 1950లో నాటి కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ మొదలుపెట్టిన పండగ కాబట్టి ఎవరూ కాదనడానికి లేదు. కడియం నర్సరీల నుంచి మొక్కల లారీ దిగింది. ముఖ్య అతిథి నల్ల కవరు విప్పకుండానే మొక్కను గుంతలో దించి, కెమెరా వైపు నవ్వి, చెయ్యి కడుక్కున్నారు. చుట్టూ బిగించిన ఇనప కంచె మీద దాత పేరు, దాత తండ్రిగారి పేరు, దాత వ్యాపారం రాశారు. లోపల మొక్కుందో లేదో వంగి చూసుకోవాలి.

ఆ లారీలో వచ్చింది కోనోకార్పస్. కమిటీలకు దేవుడు ప్రత్యేకంగా సృష్టించిన చెట్టది. నీళ్ల కోసం పేచీ పెట్టదు, ఏడు తిరిగేసరికి ఫోటోకి పచ్చగా నిలబడుతుంది. అందుకే తెలంగాణ ప్రభుత్వం మొక్కలు నాటించిన హరితహారంలో రోడ్ల పొడవునా నాటారు. తర్వాత దాని పుప్పొడి పడదనీ, వేళ్లు పైపుల్లోకి దూరుతున్నాయనీ ఫిర్యాదులొస్తే వద్దన్నారు. గుజరాత్ 2023లో ఏకంగా నిషేధించింది. సరే, తీసేసి ఏడాకుల పాల చెట్లు వేద్దామంది మా కమిటీ. విశాఖ నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న పెద్దాయన లేచి, "హుద్‌హుద్ తుపాను తర్వాత మా ఊళ్లో అదే వేశారు బాబూ! కార్తీకమాసం రానివ్వండి, పొద్దుగూకగానే మీ ముక్కులే చెబుతాయి" అన్నాడు.

మరి మన చెట్లే వేద్దామా అంటే సభలో ఒక్కసారిగా వృక్షశాస్త్రం పొంగింది. నేరేడు వేస్తే పళ్లు రాలి కార్ల మీద మరకలు. వేప వేస్తే ఆకులు రాలతాయి. చింత మీద దయ్యాలు. రావి వేళ్లకు గుడి గోడ పగులుతుంది. మర్రి మాటెత్తితే అందరూ నవ్వారు. మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రికి చెద పడితే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందెక్కించి కాపాడుకున్నారు. అంత చెట్టుకు జాగా ఎక్కడిది, మా జిమ్ముకే చాలట్లేదు. చివరికి ఏకగ్రీవంగా సిమెంటు చెట్టు పోయించారు. బెరడు కూడా గీశారు. ఆకు రాలదు, పక్షి వాలదు, అయిదేళ్ల గ్యారంటీ.

ఫిబ్రవరిలో పక్షుల లెక్క వచ్చింది. ఏటా నాలుగు రోజులు ప్రపంచమంతా జరిగే పనే. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి, కనిపించిన పిట్టల్ని రాసుకుని పంపాలి. మన దేశం 2013 నుంచీ ఇందులో ఉంది. ఇంటర్ చదివే అమ్మాయొకతె వచ్చి, మన పార్కులో కూడా చేద్దాం అంకుల్ అంది. అధ్యక్షులవారు సంబరపడి, "తప్పకుండానమ్మా! పక్షులు ఎన్నింటికొస్తాయి? గెస్టును పదింటికి పిలిచాం" అన్నారు.

ఆ పిల్ల గడుసుది. మైకు టెస్టింగు మొదలయ్యేలోపే, తెల్లారి ఆరున్నరకు చిన్నపిల్లల్ని వెంటేసుకుని ట్యాంకు వెనక్కి పోయింది. అది మా పార్కుకు తలవంపులు తెచ్చే మూల. ట్యాంకు పొంగిన నీళ్లు పారి అక్కడెప్పుడూ చిత్తడి. జిల్లేడు, సర్కారు తుమ్మ, లాంటానా పొద, ఎవరూ నాటని కరివేపాకు చెట్టు అన్నీ కలిసి పెరిగాయి. నిధుల్లేక ఎవరూ బాగుచేయలేదు. ఆ కాసేపట్లో పిల్లలు జెముడుకాకిని, పిగిలిపిట్టల్ని, లాంటానా పూలల్లో మూతిపెట్టిన తేనెపిట్టను, ట్యాంకు పైపు మీద లకుముకిపిట్టను రాసుకున్నారు. జిల్లేడాకు కింద నలుపూ తెలుపూ చారలతో, మధ్యలో పసుపు చుక్కలతో పురుగొకటి కొరుక్కు తింటోంది. సీతాకోకచిలుక అవుతుందని ఆ అమ్మాయి చూపించింది. కరివేపాకు మీద పిట్ట రెట్టలాంటిది అంటుకుని ఉంటే అదీ పురుగేనట, దానికీ రెక్కలొస్తాయట. పార్కు ముందువైపు, కార్పెట్ గడ్డి మీద, దొరికినవి పావురాలు.

పదకొండున్నరకు అతిథి వచ్చి, పక్షులు మన నేస్తాలని ప్రసంగించి, పంజరంలో తెచ్చిన పావురాన్ని ఎగరేశారు. అది ఎగిరి గుండెకాయ మీద వాలింది. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది.

పిల్లల జాబితా చూశాక కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ఇంత జీవవైవిధ్యం మన పార్కులోనే పెట్టుకుని ఇన్నాళ్లూ పట్టించుకోకపోవడం సిగ్గుచేటని సభ్యులు ఆవేదన పడ్డారు. ఆ మూలను సీతాకోకచిలుకల పార్కుగా అభివృద్ధి చేయాలని తీర్మానమైంది. చదును చేసి టైల్స్ వేస్తారు, ఎనిమిదడుగుల ఫైబర్ సీతాకోకచిలుక నిలబెడతారు, రెక్కల మధ్య నిలబడి ఫోటో దిగొచ్చు. పురుగులున్నాయి కనుక ముందుగా మందు కొట్టించాలని మహిళా విభాగం కోరగా సభ ఆమోదించింది.

పొదలు తీయడానికి ఆదివారం ఉదయం జేసీబీ వస్తోంది. ప్రకృతి మీద అవగాహన కోసం పిల్లలందర్నీ తీసుకురావాలని తల్లిదండ్రులకు మనవి. టోపీలు, టిఫిన్ కమిటీ ఇస్తుంది.