బ్యాగు మనది, మోత ఇంకొకరిది

చంద్లాపూర్ నుంచి సిద్దిపేట కాలేజీకి పోవాలన్నా, రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ ఉద్యోగానికి పోవాలన్నా, ఏడాదికోసారి తిరుపతి పోవాలన్నా ఒక్క బ్యాగు చాలు. దాన్ని కొనడంలోనే చాలామంది మోసపోతున్నారు. బరువు చూస్తారు, కుట్లు లాగి చూస్తారు, దుకాణంలోనే భుజాన వేసుకొని నాలుగడుగులు నడుస్తారు. తీరా మంచి బ్యాగు దొరికాక ఏళ్ల తరబడి తామే మోస్తారు. బ్యాగు ఉన్నది మోయడానికి కాదు. పని తప్పించుకోవడానికి, జేబులో చెయ్యి పెట్టకుండా ఊరు దాటడానికి. కింది చిట్కాలు వరుసగా పాటించండి.

1. అన్నిటికంటే పెద్దది అడగండి. రోజూ తిరగడానికి 20–25 లీటర్లు, రెండు మూడు రోజుల ప్రయాణానికి 35–40 లీటర్లు చాలని తెలిసినవాళ్లు చెబుతారు. వినకండి. 70 లీటర్లది తీసుకోండి. అందులో ఒక టిఫిన్ డబ్బా, ఒక నోట్‌బుక్ వేసుకొని తిరగండి. ఏదో పెద్ద పని మీద పోతున్నారనుకొని ఎవరూ ఇంకో పని చెప్పరు.

2. ఒకటే అర ఉన్నది ఎంచుకోండి. పర్సు అన్నిటికంటే అడుగున పడేయండి. బస్సులో కండక్టర్ రాగానే "ఆగన్నా, అడుగున ఉన్నయ్ పైసలు" అనండి. ముందు చార్జర్ తీయండి. తర్వాత తడి తువ్వాల తీయండి. ఆ తర్వాత సగం తిన్న సకినాల పొట్లం తీసి పక్కవాళ్ల ఒళ్లో పెట్టండి. ఈలోపు తోడొచ్చినవాడు విసుగుతో రెండు టికెట్లూ తీసుకుంటాడు. "దిగినంక ఇస్త బావా" అని అన్నీ మళ్లీ లోపల కుక్కండి. దిగినంక ఆ మాట ఎత్తకండి.

3. అక్కలకు, చెల్లెళ్లకు ఒక మాట. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు ప్రయాణం ఉచితం. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. అందుకని ఆ కార్డును పై జిప్పులో పెట్టి తేలిక చేసుకోకండి. చీర మడతల మధ్య దాచండి. దొరక్కపోతే పైసలిచ్చి టికెట్ తీసుకోండి. వెతికే శ్రమ తప్పుతుంది.

4. నడుం బెల్టు, ఛాతీ బెల్టు ఉన్న బ్యాగు జోలికి పోకండి. నడుం బెల్టు బరువును భుజాల మీంచి తుంటికి దింపుతుంది. అప్పుడు భుజం నొయ్యదు. భుజం నొయ్యకపోతే ఇంట్లో బియ్యం బస్తా ఎత్తమన్నప్పుడు ఏం చూపిస్తారు? సన్నని పట్టీలున్నది కొని, ఒక్క భుజానికే వేలాడదీయండి. నొప్పి వచ్చినా భుజం మార్చకండి. కష్టపడి సంపాదించిన సాకును పోగొట్టుకోవద్దు.

5. బరువైనవన్నీ బయటి జేబులో పెట్టండి. వీపుకు ఆనించి సర్దితే నడక నిటారుగా ఉంటుంది, చూసినవాళ్లకు జాలి కలగదు. బడిపిల్లల సంచి వాళ్ల బరువులో పదో వంతు మించొద్దని 2020 నాటి కేంద్ర విధానం చెప్పింది. మీరు బడి దాటారు కాబట్టి మీకు హద్దు లేదు. ఖాళీ నీళ్ల సీసాలు, పాత జిరాక్స్ కాగితాలు, పోయిన వానాకాలం గొడుగు అన్నీ ఉండనివ్వండి. తీసి పారేయడం కూడా పనే.

6. సీటు పట్టడానికి బ్యాగునే వాడండి. కర్చీఫ్ వేస్తే ఎవరో తీసి పక్కన పెడతారు. లాప్‌టాప్ ఉన్న బ్యాగును కిటికీలోంచి విసిరితే ఎవరూ ముట్టరు. 2023 అక్టోబర్ 3న సిద్దిపేటకు రైలు కూడా వచ్చింది. అందులో బ్యాగును పక్కసీట్లో కూర్చోబెట్టి కళ్లు మూసుకోండి. ముసలాయన వచ్చి అడిగితే "మనిషి ఉన్నడు" అనండి. ఆ మనిషి దిగేదాకా రాకపోయినా నిద్ర లేవకండి.

7. జిప్పు చవకది చూసుకోండి. ఒక పండుగకు పళ్లు విడిపోవాలి. రెయిన్ కవర్ ఉంటే దుకాణంలోనే వదిలేయండి. వానలో తడిసిన లాప్‌టాప్‌కు సాటివచ్చే సెలవు చీటీ లేదు. "ఫైలు రెడీ చేసిన సార్, మొత్తం నీళ్లపాలైంది" అనండి. అసలు మొదలే పెట్టని ఫైలుకు కూడా ఇదే మాట పనికొస్తుంది.

8. చుట్టాలొస్తే రంగనాయక సాగర్ కట్ట మీదికి తీసుకుపోండి, బ్యాగుతో సహా. 2020 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఆ 3 టీఎంసీల జలాశయానికి అనంతగిరి జలాశయం నుంచి వచ్చే నీళ్లను మన చంద్లాపూర్ పంపులే ఎత్తిపోస్తాయి. అన్ని నీళ్లను ఎత్తేవాళ్లున్న ఊళ్లో మీ బ్యాగును మీరే ఎత్తడం అన్యాయం. ఫోటో తీస్తానని చెప్పి బ్యాగును బావమరిది చేతికివ్వండి. ఫోటోలు సాయంత్రం దాకా తీయండి.

9. ఎప్పుడూ ఉతకకండి. వాసన గట్టిపడ్డ బ్యాగును ఎవరూ అరువు అడగరు, దొంగ కూడా ముట్టడు. తాళం ఖర్చు మిగులుతుంది.

ఇవన్నీ ఒక ఏడాది పాటిస్తే ఫలితం కళ్లముందే కనిపిస్తుంది. బావ ఫోన్ ఎత్తడు. బావమరిది కట్ట మీదికి రాడు. ఆఫీసువాళ్లు పని చెప్పడం మానేసి, ఆ తర్వాత జీతం వేయడం కూడా మానేస్తారు. పెళ్లికి పిలిచేవారు, సాయం అడిగేవారు, తోడు రమ్మనేవారు ఒక్కరూ మిగలరు. ఇంతకన్నా సుఖం ఏ ఖరీదైన బ్యాగూ ఇవ్వలేదు. అలాంటప్పుడు ఆలస్యం ఎందుకు? ఇంకా మిమ్మల్ని నమ్మేవాడు ఒకడుంటే ఈ ఆదివారమే వాడిని వెంటబెట్టుకొని సిద్దిపేట పోయి బ్యాగు కొనండి. పర్సు ఇంటిదగ్గరే మరిచిపోండి.