ఛార్జింగ్ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

మూడు మూడు కొలచి మూలమూలకునొక్క
ఛార్జి కేంద్రమున్న చాలుననుచు
ఢిల్లి పంపె నాజ్ఞ డిస్కాము చదివెను
చెట్టునీడ కారు సేదదీరె

ప్రతిపదార్థం: మూడు మూడు కొలచి = నగరాన్ని మూడు కిలోమీటర్ల నిడివి, మూడు కిలోమీటర్ల వెడల్పు గల గళ్లుగా గీసి; మూలమూలకునొక్క = గడికి కనీసం ఒకటి చొప్పున; ఛార్జి కేంద్రము = విద్యుత్ వాహనాలకు కరెంటు ఎక్కించే చోటు; ఉన్న చాలును అనుచు = ఉంటే సరిపోతుందని (పనిచేయాలని మూలంలో లేదు); ఢిల్లి = కేంద్ర విద్యుత్ శాఖ; ఆజ్ఞ పంపె = మార్గదర్శకాలు వెలువరించెను; డిస్కాము = కరెంటు పంపిణీ సంస్థ; చదివెను = చదివెను; చెట్టునీడ = వేపచెట్టు నీడ అని కొందరు; కారు = ఎలక్ట్రిక్ కారు; సేదదీరె = ఛార్జి అయిపోయి ఆగెను.

టీక: ‘మూడు మూడు’ అన్నది 2019 అక్టోబరు ప్రతిలోని పాఠం. అందులో హైవేకు ఇరువైపులా 25 కిలోమీటర్లకొకటి. 2024 సెప్టెంబరు ప్రతిలో పాఠాంతరం కనిపిస్తుంది: గడి ఒక కిలోమీటరుకు ఒక కిలోమీటరు, హైవేకు 20. తొమ్మిది చదరపు కిలోమీటర్ల గడి ఒక్కదానికి కుదించారు గనుక, మునుపు ఒక కేంద్రం లేని చోట ఇప్పుడు తొమ్మిది లేవు. ఛందస్సు చెడుతుందని మేము పాత పాఠాన్నే ఉంచాం.

పూర్వపక్షం: 2003 విద్యుత్ చట్టం ప్రకారం కరెంటు అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. ఛార్జింగ్ కేంద్రం అమ్మేది కరెంటే కదా! కిరాణా కొట్టు పక్కన రెండు ప్లగ్గులు పెట్టుకున్నవాడు కూడా డిస్కాంతో సమానంగా లైసెన్సు తెచ్చుకోవాలా?

సిద్ధాంతం: అక్కర్లేదు. 2018 ఏప్రిల్ 13న విద్యుత్ శాఖ ఇచ్చిన వివరణ తర్కం చదివేవారు కంఠస్థం చేయదగ్గది. బ్యాటరీలోకి పోయిన విద్యుత్తు రసాయన శక్తిగా మారుతుంది. మారింది కనుక జరిగింది అమ్మకం కాదు, సేవ. సేవకు లైసెన్సు వద్దు. మండన మిశ్రుడు ఎదుట కూర్చున్నా తలాడించేవాడే. వెటకారం పక్కన పెడితే, ఈ వ్యవహారం మొత్తంలో పైసా ఖర్చు లేకుండా జరిగిన అసలు మేలు ఇదే. ప్రైవేటువాళ్లకు తలుపు తెరిచింది ఆ ఒక్క కాగితం.

ఆజ్ఞతోపాటు ధనం వచ్చెనా అని శిష్యుడి ప్రశ్న. వచ్చింది నాయనా. 2019లో మొదలైన ఫేమ్ (విద్యుత్ వాహనాలకు కేంద్రం ఇచ్చే ప్రోత్సాహక పథకం) రెండో దశ 10,000 కోట్లలో 1,000 కోట్లు ఛార్జింగ్ కేంద్రాల వాటా. 2023 మార్చిలో 7,432 ఫాస్ట్ ఛార్జింగ్ కేంద్రాలకు 800 కోట్లు మంజూరైంది, అదీ మూడు ప్రభుత్వ చమురు కంపెనీలకు. పెట్రోలు అమ్మేవారికే పెట్రోలు మాన్పించే పని అప్పగించడం విరోధాభాసాలంకారం. రోడ్డు పక్కన జాగా ఉన్నది వాళ్లకే గనుక దోషం కాదు. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త పథకం పీఎం ఈ-డ్రైవ్ 10,900 కోట్లలో 2,000 కోట్లు మళ్లీ దీనికే.

‘చదివెను’ అన్నచోట పూర్వ వ్యాఖ్యాతలు తొందరపడి ముందుకు పోయారు. ఆగాల్సింది ఇక్కడే. ఇంటి కనెక్షన్ మూడో, ఐదో కిలోవాట్లు. ఫాస్ట్ ఛార్జర్ ఒక్కటే 50, 60 లాగుతుంది. దానికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, కేబుల్ వేయాలి, ఎస్టిమేట్ రావాలి, డబ్బు కట్టాలి, కట్టాక లైన్‌మన్ రావాలి. ఇన్ని నెలలను కవి నాలుగక్షరాల్లో ఇమిడ్చాడు. కొత్త పథకం ఛార్జరు పెట్టెకే పరిమితం కాకుండా ట్రాన్స్‌ఫార్మర్, కేబుళ్ల ఖర్చు కూడా భరిస్తామనడం అందుకే సబబు. అసలు బరువు అక్కడుంది.

ఇక నాలుగో పాదంలోని కారు కేంద్రం లేక ఆగలేదని మా అభిప్రాయం. కేంద్రం ఉంది. యాప్‌లో పచ్చచుక్క కూడా ఉంది. తీరా వెళ్తే తెర మీద ఏదో ఎర్రక్షరం, ముందున్న జాగాలో ఎవరిదో పెట్రోలు కారు, బోర్డు మీది ఫోన్ నంబరుకు చేస్తే సంగీతం. కథానాయకుడు అప్పుడు చెట్టు వెతుక్కున్నాడు.

తాత్పర్యం: సర్కారు యంత్రాన్ని నిలబెట్టడానికి డబ్బిస్తోంది, నిలిచిన యంత్రం నడుస్తోందా అన్నది ఎవరి పద్దులోనూ గట్టిగా పడటం లేదు. సబ్సిడీలో ఒక భాగమైనా ఆపి, ఏడాది పొడవునా కరెంటు అందించినట్టు మీటరు చూపినవారికే చెల్లించాలి. మార్గదర్శకాల తర్వాతి ప్రతిలో ఆ నిబంధన చేర్చండి.