శాలువాలు సరే, సెస్సు సంగతేంది?

గ్రంథాలయ వారోత్సవాలొచ్చాయి. నవంబర్ 14 నుంచి 20 దాకా మన నాయకులందరికీ పుస్తకమంటే పంచప్రాణాలు. ఈసారి కొత్త ముచ్చట: చదివే స్వేచ్ఛను కాపాడిన గ్రంథపాలకులకు, పంతుళ్లకు సన్మానాలు! వాట్సాప్‌లో ఆహ్వానం మీకూ వచ్చే ఉంటుంది. చూడకుండా ఉండే స్వేచ్ఛ మాత్రం మనకెవరూ ఇవ్వలేదు.

సంతోషమే. టెక్సస్‌లో సుజెట్ బేకర్ అనే గ్రంథపాలకురాలు పుస్తకాలు తీసెయ్యమంటే తియ్యనంది, 2022లో కొలువు పోగొట్టుకుంది. మన దగ్గర తీసెయ్యమనే శ్రమ కూడా ఎవరికీ లేదు. కొనకపోతే సరి.

ముందు శాలువా సంగతి చూద్దాం. మా ఊరు పెర్కిట్‌లో పసుపు కొమ్మును విరిచి, లోపలి రంగు చూస్తే గానీ ఎవరూ ధర చెప్పరు. సన్మానానికి ఆ పరీక్ష లేదు. కవరు చింపగానే జరీ పోగులు రాలే శాలువా అది. చలికి ఆగదు, తుడుద్దామంటే నీళ్లు పీల్చదు. బీరువాలో దాస్తే వచ్చే ఏడు ఇంకొకరికి కప్పడానికి అక్కరకొస్తుంది. ఒకే శాలువా నాలుగు భుజాలు తిరిగి మళ్లీ మొదటాయన ఇంటికే వచ్చినా నేను ఆశ్చర్యపోను.

ఆ పైన ఫ్లెక్సీ. మొదటి వరుసలో రాష్ట్ర నాయకులు, రెండో వరుసలో జిల్లా నాయకులు, చుట్టూ దండాలు పెడుతున్న అనుచరులు. సన్మానం ఎవరికో ఆ మనిషి ఫొటో అట్టడుగున, తాడు కట్టడానికి చిల్లు పెట్టే చోట. గ్రంథాలయంలో థకు బదులు ధ ఎటూ ఉంటుంది.

పదకొండింటికి రావాల్సిన ముఖ్య అతిథి రెండింటికి దిగుతాడు. అప్పటిదాకా కుర్చీలు సర్దేదెవరు, ఆకలికి అల్లరి చేసే బడి పిల్లల్ని కూర్చోబెట్టేదెవరు? సన్మానం చేయించుకోబోయే సారే! అతిథి మైకు పట్టుకుని, నేనూ లైబ్రరీలో చదువుకునే పైకొచ్చానంటాడు. ఏ పుస్తకం చదివాడో చెప్పడు. శాలువా రెండుసార్లు కప్పుతారు, మొదటిసారి విలేకరి ఫోన్ తియ్యలేదు కాబట్టి.

నాకు తెలిసిన ఒక గ్రంథపాలకుడు రెండు ఊళ్లకు ఇంచార్జి. ఈ ఊళ్లో తలుపు తీస్తే ఆ ఊళ్లో తాళం. పేపర్ బిల్లు ఆగితే సొంత జేబే దిక్కు. వచ్చేదంతా గ్రూప్స్‌కూ కానిస్టేబుల్ పరీక్షకూ తయారయ్యే పిల్లలు. పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు, లైబ్రరీ ఇచ్చేది కుర్చీ, ఫ్యాను. నవలల బీరువాకు తాళం. ఆ తాళం చెవి రెండో ఊళ్లో. "శాలువా వద్దు సార్, ఆ ఫ్యాన్ బాగు చేయిస్తే చాలు" అన్నాడు. ఫ్యాన్ బాగు చేయిస్తే ఫొటో ఏం పడుతుంది?

ఇక వెటకారం చాలు. మీ ఇంటి పన్ను రసీదు తీయండి. గ్రంథాలయ సెస్సు అని ఒక గడి ఉంటుంది. 1960 గ్రంథాలయాల చట్టం కింద పన్నులో రూపాయికి 8 పైసలు. అది మునిసిపాలిటీ సొమ్ము కాదు. వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు అప్పజెప్పాల్సిన సొమ్ము. జీహెచ్‌ఎంసీ మొదలుకుని ఎన్నో చోట్ల కోట్లలో బకాయిలని పేపర్లు రాసి రాసి అలసిపోయాయి. మన దగ్గర ముక్కుపిండి తీసుకున్న డబ్బు పుస్తకాల దాకా పోకపోతే దాన్ని బకాయి అనడం మర్యాద. నాకు ఆ మర్యాద లేదు, దొంగతనం అంటాను. జనం ఎప్పుడో డబ్బు కట్టేసిన పుస్తకాలవి.

స్వేచ్ఛ మాటా ఎత్తారు కదా. 2018 ఆగస్టు 28న హైదరాబాద్‌లో ఇఫ్లూ ప్రొఫెసర్ కె. సత్యనారాయణ ఇంట్లో పుణె పోలీసులు సోదా చేశారు. ఇంట్లో ఇన్ని పుస్తకాలెందుకని, దేవుళ్ల పటాలకు బదులు ఫూలే, అంబేద్కర్ ఫొటోలెందుకని తనను నిలదీశారని ఆయనే చెప్పారు. పంతుళ్ల స్వేచ్ఛ గురించి వేదికెక్కిన వాళ్లు మాట్లాడాల్సింది ఇది. ఎత్తి చూడండి, మైకు ఆగిపోతుంది.

1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, ఊరూరా తిరిగి పుస్తకాలమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామికి నిజాం సర్కారు చేసిన సన్మానం మన నిజామాబాద్ జైలు. తోటి ఖైదీ దాశరథి అక్కడే గోడ మీద బొగ్గుతో పద్యం రాశాడు. బొగ్గు ముక్కకు కూడా సర్కారు జడుసుకున్న రోజులవి. పుస్తకమంటే ఆ జడుపు పోలీసులకు ఇంకా ఉంది. సెస్సు మింగేవాళ్లకు అదీ లేదు.

ఆహ్వానం అందింది కాబట్టి నేనూ పోతాను. శాలువాలు అయిపోయాక మైకు అడుగుతాను. నా పన్ను రసీదు ముఖ్య అతిథి ముందు పెట్టి, ఈ సెస్సు ఏ పుస్తకమైంది, ఏ బీరువాలో ఉంది, తాళం చెవి ఎవరి దగ్గరుంది అని అడుగుతాను.