పైగుండిలో ముల్లు: టీకా తాత్పర్య సహితము

ఆ. పట్టుపటము మడత, పైగుండిలో ముల్లు,
పాలబిళ్ళ జేబు, బాకు బూటు,
ఇన్ని మోసికొనుచు నెగిరెడు వానికి
నిల్లు చేరు దారి యెవడు చెప్పు?

అవతారిక: రెండో ప్రపంచయుద్ధం రోజులు. జర్మన్లు ఆక్రమించిన ఐరోపా మీదికి ఎగరబోతున్న బ్రిటిష్ వైమానికుడొకడు బయల్దేరే ముందు జేబులు తడుముకుంటున్నాడు. ఆ తడుములాటే ఈ పద్యానికి వస్తువు. కవి ఎవరో తెలియదు. దస్తూరీ మాత్రం ఈ టీకాకారుడి దస్తూరీని పోలి ఉంది.

పట్టుపటము మడత = పట్టుగుడ్డ మీద అచ్చువేసి మడిచిన దేశపటం. పట్టే ఎందుకయ్యా అంటే, కాగితం మడత విప్పితే గరగరలాడుతుంది. గడ్డివాములో దాక్కున్నవాడికి ఆ చప్పుడు చాలు కొంప ముంచడానికి. వానలో తడిస్తే ముద్దయి కూర్చుంటుంది. పట్టు నోరెత్తదు, పిడికిట్లో ఇమిడిపోతుంది. సిరిసిల్ల అగ్గిపెట్టె చీర సంగతి విన్నవారికి ఇది విడమరచనక్కర్లేదు. 1939 డిసెంబరులో ఏర్పడిన బ్రిటిష్ రహస్యశాఖ ఎమ్.ఐ.9లో క్లేటన్ హటన్ అనే ఆయన ఈ పని నెత్తికెత్తుకున్నాడు. మొదట అచ్చొత్తినప్పుడు సిరా పోగుల వెంట పాకింది. నదులు గట్లు దాటాయి, ఊళ్లు ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. చివరికి సిరాలో పెక్టిన్ కలిపితే నిలబడింది. పళ్లజామ్ గట్టిపడటానికి పనికొచ్చే పదార్థమే అది. కావ్యాల్లో ద్రాక్షాపాకం, నారికేళపాకం విన్నాం. భూగోళానికి జామ్‌పాకం పట్టించినవాడు ఈయనే.

పైగుండిలో ముల్లు = కోటు గుండీ డొల్లలో దాచిన దిక్సూచి. ('బొత్తాము' అని మార్చుకుందామనుకునే కోస్తావారు ఆగాలి, గణం చెడుతుంది.) గుండీకి మర ఉంటుంది, తిప్పితే మూత ఊడివస్తుంది. జర్మన్లు ఈ గుట్టు పసిగట్టి, దొరికినవాడి గుండీలన్నీ తిప్పి చూడసాగారు. అప్పుడు ఇటువైపు వాళ్లు మరను ఎడమ మరగా మార్చేశారు, అంతే. అందరిలా తిప్పేవాడికి ఆ గుండీ విప్పేకొద్దీ బిగుసుకుంటుంది. విరోధాభాసకు ఇంతకన్నా మంచి ఉదాహరణ అలంకారశాస్త్రంలో ఈ టీకాకారుడికి కనబడలేదు.

ఇచట శంక: వాడు పారిపోవలసింది దక్షిణాన ఉన్న స్పెయిన్‌కి. ముల్లేమో ఉత్తరం చూపిస్తుంది. సమాధానం: ముల్లుకి వీపు చూపితే సరి.

పాలబిళ్ళ జేబు = జేబులో హార్లిక్స్ బిళ్ళలు. 'లో' అనే ప్రత్యయం గణాలు కిట్టక పద్యంలోంచి దూకేసింది. పారాషూట్ తెరుచుకుందో లేదో. మన ఇళ్లలో హార్లిక్స్ జ్వరం పడి లేచినవాళ్లకిస్తారు, అక్కడ ఆకాశం నుంచి పడి లేచినవాళ్లకిచ్చారు. మొదట్లో యాభై సిగరెట్లు పట్టే రేకు డబ్బీలోనే ఈ బిళ్ళలు సర్దేవారు. నీళ్లు శుద్ధిచేసే మాత్రలు, నీళ్లు పట్టుకునే రబ్బరు సంచీ, నిద్ర రాకుండా బెంజెడ్రిన్ మాత్రలూ అందులోనివే. కవి వాటినెందుకు వదిలాడంటే, బెంజెడ్రిన్‌లో మూడు గురువులు వరసగా ఉన్నాయి, ఇరికించడం ఆయనకి చేతకాలేదు.

బాకు బూటు = బూటులో చిన్న కత్తి. 'లో' గతి ఇక్కడా అంతే. వైమానికుల బూట్లు పిక్కల దాకా ఉండేవి. వాటితో ఫ్రెంచి పల్లెలో నాలుగడుగులు వేస్తే ఇక పేరు చెప్పుకోనక్కర్లేదు. 1943 నమూనాలో బూటు లోపలే ఒక చిన్న కత్తి పెట్టారు. దాంతో పిక్కల తొడుగు కోసి పారేస్తే కింద మిగిలేది ఏ గుమాస్తా అయినా తొడుక్కునే నల్లజోడు. ఉన్నదాన్ని లేదని, మరొకటని చెప్పడం అపహ్నుతి అలంకారం. కవి చాతుర్యం ఇక్కడే చూడాలి: రెండో పాదం చివర బూటు ఉంది, నాలుగో పాదం చివరికి వచ్చేసరికి చెప్పు అయింది. నడుమ బాకు పని చేసిందన్నమాట. పాదం అన్నచోటా శ్లేష ఉంది గానీ, మరీ పిండితే చేదు.

ఇల్లు చేరు దారి యెవడు చెప్పు: అసలు ప్రశ్న ఇది. డబ్బీలో అన్నీ ఉన్నాయి, ఫోర్కు ఏ చేత్తో పట్టాలో చెప్పేది లేదు. మాంసం ముక్క కోసుకుని, అలవాటు చొప్పున ఫోర్కును కుడిచేతికి మార్చుకున్నాడంటే, బ్రిటిష్ వాళ్లకి తోడుగా ఎగిరొచ్చిన అమెరికన్ కుర్రాడు దొరికిపోయినట్టే. పటం, ముల్లు అక్కడ ఏం చేస్తాయి? పరాయి ఊళ్లో ఎవరో ఒకరు తలుపు తీయాలి.

ఈ యుద్ధానికి ముందే, అప్పటి భారతదేశపు వాయువ్య సరిహద్దు మీద ఎగిరిన బ్రిటిష్ వైమానికులు ఈ తలుపు తట్టే పనిని ఒక చీటీకి అప్పజెప్పారు. ఇతణ్ని చెక్కుచెదరకుండా అప్పగిస్తే బహుమానమిస్తామని అక్కడి భాషలో రాసిన హామీపత్రమది. దాన్ని వాళ్లు 'గూలీ చిట్' అన్నారు. రెండు మాటలూ మన దేశం సొత్తే: చిట్ మన చీటీ, గూలీ మన గోలీ. ఈ గోలీలు పిల్లలు వీధిలో ఆడుకునేవి కావు. అవి యజమానితో పాటే తిరిగి రావాలని ఆ చీటీ ప్రార్థన. ఇంతకు మించి ప్రతిపదార్థం సభామర్యాద కాదు.

తాత్పర్యం: స్పష్టం.

పాఠాంతరం: 1941 ఆగస్టులో స్పెయిన్‌లోని బిల్బావో బ్రిటిష్ కాన్సులేటుకి 24 ఏళ్ల బెల్జియం అమ్మాయి ఒకతె వచ్చింది, వెంట ఒక స్కాట్లండ్ సైనికుడు, ఇద్దరు బెల్జియన్లు. బ్రస్సెల్స్ నుంచి తెచ్చానంది, పిరనీస్ కొండలు నడిచి దాటామంది. కాన్సులేటువారికి నమ్మబుద్ధి కాలేదు. ఆ అమ్మాయి ఆంద్రే ద జోంగ్. ఆమె వేసిన ఆ దారికే తర్వాత కామెట్ లైన్ అని పేరు. 1943 జనవరిలో జర్మన్లకి చిక్కేలోపు వందమందికి పైగా తానే దాటించింది. ఎమ్.ఐ.9 వారు ఆమెకిచ్చిన మారుపేరు 'పోస్ట్‌మన్'. దాటించవలసిన వైమానికుల్ని పార్శిళ్లనేవారు కాబట్టి పేరు కుదిరింది, లింగం మాత్రం కుదరలేదు.

అందుచేత నాలుగో పాదంలో 'యెవడు' అన్నది లేఖక దోషం. 'యెవతె' అంటే గణం సరిపోతుంది, యతీ నిలుస్తుంది, కానీ ఈనాటి చెవికి తిట్టులా ఉంటుంది. చదువరులు 'యెవరు' అని దిద్దుకోగలరు. అదీ మూడు లఘువులే.