పల్లపు కొండవీరుడు

గోదావరి పల్లపు సీమలో పుట్టి, నలభై అయిదేళ్ళు దాటేదాకా డాబా మెట్లకు మించి దేన్నీ ఎక్కకుండా బతికి, ఉన్నట్టుండి ఒక ఆదివారం తెల్లవారుజామున అడవిబాట పట్టే మనిషిని కొండవీరుడు అనవచ్చు. తణుకులోనూ భీమవరంలోనూ కూడా ఈ జాతి ఉంది. కానీ దాని అసలు స్వరూపం తెలియాలంటే నిడదవోలులో చూడాలి. నిడదవోలులో ఉన్నవి విజ్జేశ్వరం నుంచి వచ్చే కాలువ నీళ్ళు, వరిచేలు, కొబ్బరిచెట్లు, రైలుగేట్లు. నీళ్ళు కూడా ఎటు పారాలా అని కాసేపు ఆలోచించుకునేటంత చదును నేల. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర ఈ నేలకు నీళ్ళు ఇచ్చాడు గానీ ఎత్తు ఇవ్వలేకపోయాడు.

కొండవీరుడి పుట్టుకకు మూలం చాలాచోట్ల ఒక రక్తపరీక్ష కాగితమే. డాక్టరు దాన్ని చూసి, కళ్ళద్దాలు తీసి, "నడవండి" అంటాడు. మొదటి వారం కాలువగట్టు మీద నడక మొదలవుతుంది. ఎదురైన ప్రతివాడూ "ఏవండోయ్, బండి పాడైందా? ఎక్కండి, దింపేస్తాను" అంటూ స్కూటరు ఆపుతాడు. పనిలేకుండా నడిచేవాణ్ణి ఇక్కడి జనం జాలిగా చూస్తారు. అదే నడక అడవిలో నడిస్తే ట్రెక్కింగంటారనీ, దానికి జాలి బదులు గౌరవం దొరుకుతుందనీ మేనల్లుడి ఫోనులో చూసి తెలుసుకున్న రోజే కొండవీరుడు అవతరిస్తాడు.

తర్వాతిది సాధన. ఊళ్ళో ఎక్కడానికి ఏమీ లేదు కాబట్టి రైల్వే స్టేషను మెట్ల వంతెనే గతి. నరసాపురం వైపు లైను ఇక్కడే విడిపోతుంది. అందుకని ఇది జంక్షను, జంక్షను అవడం వల్ల ప్లాట్‌ఫారాలు ఎక్కువ, ప్లాట్‌ఫారాలు ఎక్కువవడం వల్ల వంతెన. రైల్వేవారు ప్రయాణికుల కోసం కట్టిన ఈ వంతెన నిడదవోలుకు హిమాలయంగా ఉపయోగపడుతోంది. వీరుడు చట్టానికి భయపడే మనిషి, ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొని మరీ పది సార్లు ఎక్కి దిగుతాడు. "ఏ రైలుకండీ?" అని అడిగిన పోర్టరుకు "ఏ రైలుకీ కాదండి" అని జవాబు చెప్పాక, ఆ పోర్టరు ఇంకేమీ అడగడు.

ఇక సరంజామా. ఆరువేల రూపాయల బూట్లు, కవచంలా వీపుకు అతుక్కునే సంచీ, మడతపడే కర్ర, మెడలో ఈల. ఈల ఎందుకో వీరుడికీ తెలియదు, సెట్టుతో వచ్చింది. సంచీలో ఏం పెట్టాలన్నది మాత్రం అతని చేతిలో లేదు. అడవిలో ఏమీ దొరకదన్న భయంతో ఇంటావిడ పులిహోర, దద్దోజనం, చేగోడీలు, ఆవకాయ సీసా, ఆత్రేయపురం పూతరేకుల డబ్బా సర్దుతుంది. "పూటకే కదే వెళ్ళేది" అంటే, "బీరువా మీది సూట్‌కేసు దింపినప్పుడే చూశానండి మీ కొండెక్కుడు. మధ్యలో నీరసం వస్తే?" అంటుంది. షుగరు తగ్గించుకోవడానికి బయల్దేరిన సంచీలో పూతరేకులున్న సంగతి భార్యాభర్తలిద్దరూ గమనించరు.

దూరాలు నడవడం తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు, ఊరికే నడవడమే కొత్త. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య పల్లకీ ఎక్కాడు, పుణ్యం కోసం వెళ్ళాడు, పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకున్నాడు. ఊరికే కొండలెక్కే పిచ్చికి ఇంగ్లీషువాళ్ళు 1857లో లండన్‌లో ఆల్పైన్ క్లబ్బు పెట్టారు. సరిగ్గా ఆ ఏడు ఇక్కడివాళ్ళు వాళ్ళను దింపే పనిలో ఉన్నారు.

నిడదవోలు వీరుడికి రెండు దిక్కులు తెరిచి ఉన్నాయి. ఒకటి గోదావరి దాటి గోకవరం మీదుగా రంపచోడవరం, మారేడుమిల్లి. రెండోది పడమటి మెట్ట, అంటే కామవరపుకోట, జంగారెడ్డిగూడెం, బుట్టాయగూడెం. చెరకు, పొగాకు, పామాయిలు తోటలు దాటాక నేల మెల్లగా ఎర్రబడి, లేస్తుంది. కారు గేరు మార్చగానే "చూశారా, ఎత్తు!" అని వీరుడు కిటికీ దించుతాడు. తొలి యాత్ర సాధారణంగా గుంటుపల్లికే. కారణం చెప్పుకోదగ్గది, అక్కడ మెట్లున్నాయి.

కామవరపుకోట మండలం జీలకర్రగూడెం పక్కనున్న ఈ బౌద్ధక్షేత్రం క్రీస్తుకు పూర్వానిది. కొండను తొలిచి భిక్షువులు చేసుకున్న విహారాలు, కొండమీద గుంపుగా చిన్నాపెద్దా స్తూపాలు, ఒక గుండ్రటి గుహాచైత్యం. అందులో పైకప్పు లోపలివైపు రాతిని వాసాలూ దూలాలూ పెట్టినట్టు చెక్కారు. బీహారులోని బరాబర్ కొండల్లో లోమశఋషి గుహ వాకిలిని కూడా ఇలాగే కర్రపనికి నకలుగా మలిచారు. చుట్టుపక్కల జనం మాత్రం బుద్ధుడి జోలికి పోకుండా వీటిని పాండవుల గుహలన్నారు, చైత్యంలోని స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడిగా కొలిచారు. భీముడు మంచం వేసుకున్న చోటు ఏదో వెతకడం కూడా వీరుడి కార్యక్రమంలో ఒక భాగం.

మెట్ల సగంలో అతనికి చరిత్ర మీద ఆసక్తి పుడుతుంది. ఆయాసం వచ్చిన ప్రతిచోటా ఆగి, ఏదో ఒక రాయిని పట్టుకుని ఉపన్యసిస్తాడు. వెంట ఉన్నవాళ్ళు నమ్ముతారు, వాళ్ళకూ ఆయాసంగానే ఉంటుంది కాబట్టి. ఉపన్యాసం ఎక్కడ మొదలైనా నిడదవోలుకే చేరుతుంది. రుద్రమదేవి భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుడు. "కాకతీయులకు అల్లుణ్ణి ఇచ్చిన ఊరండీ మాది" అని అతను అనేటప్పుడు, పెళ్ళిచూపులకు తానే పెద్దమనిషిగా వెళ్ళొచ్చినట్టు ఉంటుంది. గుంటుపల్లి గుహలకు, ఆ పెళ్ళికి మధ్య వెయ్యేళ్ళకు పైగా దూరం ఉంది. అంత దూరాన్ని కూర్చున్నచోటునుంచే దాటగల శక్తి ఈ జాతికుంది.

చివరికి గుండ్రటి చైత్యంలోకి వంగి వెళ్ళి, తలెత్తి పైకి చూసి, కాస్త నిరాశగా, "ఇదేవిటండీ, మా తాతగారి చుట్టిల్లులా ఉంది" అంటాడు. ఆ రోజు మొత్తంలో అతను అన్న సరైన మాట అదొక్కటే. గుండ్రటి గోడ మీద వాసాలన్నీ నడినెత్తిన కలిసే తాటాకు చుట్టిళ్ళు మొన్నమొన్నటిదాకా కోస్తా పల్లెల్లో ఉండేవి. ఇక్కడి శిల్పులు కూడా తమకు తెలిసిన కర్ర ఇంటినే రాతిలోకి దింపారు. పండితులు పుస్తకాల్లో రాసిన సంగతి అతనికి మెడ నొప్పితో పాటే తట్టింది. అయినా చుట్టిల్లు చూడ్డానికి ఇంతదూరం రావాలా అన్న బాధ అతన్ని వదలదు, ఫోటో తీయకుండానే బయటికొస్తాడు.

రెండో మెట్టు అసలు అడవి. బుట్టాయగూడెం పైన కొండల్లో గుబ్బల మంగమ్మ గుహాలయం ఉంది. దారిలో వాగులు దాటాలి. వానలు ముదిరి వాగులు పొంగితే దర్శనం ఆపేస్తారు. మంగళ, ఆదివారాల్లో భక్తులు ఎక్కువ. వీరుడు దీన్ని సాహసయాత్ర అనుకుని వస్తాడు. చంకలో పిల్ల, చేతిలో కోడి, ఉత్త కాళ్ళతో వచ్చే ఆడవాళ్ళకు అది మొక్కు మాత్రమే. ఆరువేల బూటు పాచిరాయి మీద జారినప్పుడు వెనకనుంచి ఒక ముసలమ్మ అతని సంచీ పట్టుకుని ఆపుతుంది. "రాయి మీద కాదు బాబూ, నీళ్ళలో అడుగెయ్యి" అంటుంది. ఈల ఊదాల్సిన సమయం అదే. కానీ ఊపిరి ఉండదు.

మన్యం మనుషుల దూరాలు వేరు. కొండరెడ్డి కుర్రాణ్ణి వెంటబెట్టుకుని "ఇంకెంత దూరం అబ్బాయ్?" అంటే, "ఎంతోనా బాబుగారూ, ఈ మలుపే" అంటాడు. ఆ మలుపు తర్వాత ఇంకో మలుపు, అది తిరిగాక కొండ. కుర్రాడు అబద్ధమాడలేదు, అతనికి అది నిజంగానే దగ్గర. వారపు సంతకు ఉప్పూ కిరసనాయిలూ తెచ్చుకోవడానికి వాళ్ళమ్మ నడిచే దారి అది, నెత్తిన బరువుతో. దాన్ని ఎవరూ ట్రెక్కింగనలేదు. దారి పక్కన మెత్తటి నూగుతో వేలాడే కాయల్ని చూసి "వెల్వెట్టులా ఉన్నాయే" అని వీరుడు చెయ్యి పెట్టేది కూడా ఇక్కడే. అవి దురదగొండి కాయలు. తర్వాతి గంటలో అతని చేతులకు చూపించినంత చురుకుదనం కాళ్ళకు చూపిస్తే కొండ ఎప్పుడో ఎక్కేసేవాడు.

మారేడుమిల్లి వైపు వెళ్ళినవాడి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అక్కడ ఘాటురోడ్డు ఉంది, కారు దిగక్కర్లేదు. జలతరంగిణి దగ్గర పాదాలు తడిపి, బొంగులో చికెన్ కాలేదాకా కుర్చీలో కూర్చుంటాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం ఇదే మన్యంలో మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలు మూడింటిని కొట్టింది. వీరుడు అదే మూడు రోజుల్లో మూడు రిసార్టులు మారతాడు. కల్లు మీద పన్ను వేశారన్న మంట కూడా తోడై 1879లో రంప మన్యం తిరగబడిందని విన్నాక, ఆ చరిత్రను జీలుగుకల్లు ముంతతో క్షుణ్ణంగా అధ్యయనం చేస్తాడు. రంపలో ఎన్ని వందల ఏళ్ళ వర్షాలనో తట్టుకుని నిలబడ్డ రాతి శివాలయాన్ని మాత్రం "వచ్చేటప్పుడు చూద్దాంలెండి" అంటాడు. వచ్చేటప్పటికి చీకటి పడుతుంది.

తిరిగొచ్చాక అసలు యాత్ర మొదలవుతుంది. టీ కొట్టు దగ్గర మొదటి రోజు నాలుగు కిలోమీటర్లున్న నడక, వారం తిరిగేసరికి పన్నెండవుతుంది. ముసలమ్మ మాయమవుతుంది. దురదగొండి స్థానంలోకి ఎలుగుబంటి వస్తుంది. బూట్లు కడిగి అటక మీదికి చేరతాయి. వంతెన మీద పోర్టరు రెండు రోజులు చూసి, ఆయన బదిలీ అయ్యాడేమో అనుకుంటాడు.

అతను జారిపడబోయిన నీళ్ళు మాత్రం అక్కడ ఆగవు. ఆ కొండల్లోంచి దిగే జల్లేరు లాంటి వాగులు ఎర్రకాలువలో కలుస్తాయి. ఎర్రకాలువ మెట్ట దాటి పల్లంలోకి వస్తుంది. గట్టి వానలు పడ్డ ఏడు నిడదవోలు చుట్టుపక్కల నాట్లు ముంచేది అదే. అప్పుడు కొండవీరుడు పంచె ఎగగట్టి తన చేలో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, పంట నష్టం రాసే ఉద్యోగి కోసం ఎదురుచూస్తాడు. పాత పరిచయాన్ని అతను గుర్తుపట్టడు. నందమూరు అక్విడక్టు దాటాక ఆ నీరే యనమదుర్రు పేరుతో భీమవరం మీదుగా సముద్రం దారి పడుతుంది. దాని గట్టు మీద నడవవచ్చు, షుగరుకు కూడా మంచిది. ఎత్తు లేదు కాబట్టి కొండవీరులెవరూ అటు వెళ్ళరు.