రెండు తీగలు, ఒక్క సంతకం

సర్వరుకి నెట్‌వర్క్ కార్డు ఒక్కటే ఉంటే ప్రమాదమని రెండు పెడతారు. రెండింటినీ జత చేసి ఒకే అడ్రసు ఇస్తారు. ఒకటి పని చేస్తుంటే రెండోది కాచుకుని కూర్చుంటుంది. మొదటిది పడిపోగానే ఎవరూ చెయ్యి వెయ్యకుండానే రెండోది పని అందుకుంటుంది, ఈ అందుకోవడమే ఫెయిలోవర్. లినక్స్ కుర్రాళ్ళు దీన్ని బాండింగ్ అంటారు, ఈ పద్ధతిని యాక్టివ్-బ్యాకప్ అంటారు. తీగలో ప్రాణం ఉందో లేదో సెకనుకి పదిసార్లు చూసుకొమ్మని సెట్టింగు పెడితే, వాడేవాడికి తెలిసేలోపే అంతా సర్దుకుంటుంది. వినడానికి ఎంత బాగుందండీ!

ఇక అమలు. అమలాపురం అనుకోండి, రాజోలు అనుకోండి, కొత్తపేట అనుకోండి, ఆఫీసంటే ఆఫీసే. టెండరులో రెండు కార్డులన్నారు, కొన్నారు. రెండు కేబుళ్ళన్నారు, ఒకటి నీలం, ఒకటి పసుపు, అవీ వచ్చాయి. రెండూ పట్టుకెళ్ళి ఒకే స్విచ్చిలో దూర్చారు. ఆ స్విచ్చి ఒకే యూపీఎస్ మీద ఉంది. ఆ యూపీఎస్ బ్యాటరీలు చచ్చి ఎన్నాళ్ళయిందో అటెండరుకి తప్ప ఎవరికీ తెలీదు. రెండు పడవలు కొని, రెండింటినీ ఒకే పుచ్చు గుంజకి కట్టి, వరదొస్తే ఏదో ఒకటి మిగలకపోతుందా అని పడుకోవడమన్నమాట.

ఆడిటరు వస్తాడు.

"రెండున్నాయా?"

"ఆయ్, ఉన్నాయండి."

"లైట్లు వెలుగుతున్నాయా?"

"ఆయ్, రెండూ పచ్చగానే వెలుగుతున్నాయండి."

టిక్కు పడింది. ఒక తీగ పీకి చూశారా అని మాత్రం అడగడు. అడిగితే పీకాలి. పీకితే ఆగిపోవచ్చు. ఆగితే పీకినవాడి మీద విచారణ వేస్తారు గానీ, రెండూ ఒకే స్విచ్చిలో దూర్చినవాడి మీద వెయ్యరు. అందుకే ఆ పరీక్ష పెట్టే బాధ్యత మనవాళ్ళు తుపానుకి వదిలేశారు.

ఆ పచ్చ లైటు మహత్యం కూడా కాస్త చెప్పుకోవాలి. అది చూసేది కార్డు నుంచి స్విచ్చి దాకానే. స్విచ్చి దాటాక దారి తెగిపోయినా లైటు నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది, సర్వరు అంతా క్షేమమనుకుని రెండో కార్డుని లేపదు. మందు లేకపోలేదు. అవతల ఉన్న గేట్‌వేని ఏఆర్‌పీ అనే పిలుపుతో పలకరిస్తూ ఉండి, జవాబు వస్తేనే దారి ఉన్నట్టు లెక్క కట్టొచ్చు. రెండు స్విచ్చిలు పెట్టినప్పుడు ఇది మరీ అవసరం. కానీ అర్జీకి రసీదు ఇవ్వగానే పనైపోయినట్టు రాసుకునే చోట, అవతలి నుంచి జవాబు వచ్చిందా అని అడిగే సెట్టింగు ఎవరు పెడతారు?

వీధిలోకి వద్దాం. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ తీగని చాలామటుకు కరెంటు స్తంభాల మీదే లాగారు. తవ్వకం ఖర్చు తగ్గింది, పని తొందరగా అయింది, కాదనను. కానీ 1996 నవంబరు 6 నాటి తుపాను చూసిన కోనసీమకి స్తంభాల నిలకడ గురించి పాఠం చెప్పక్కర్లేదు. స్తంభం ఒరిగితే కరెంటూ నెట్టూ జంటగా పోతాయి.

ఇవన్నీ చిన్నవి. పెద్ద స్విచ్చి 2022లో బయటపడింది. ఆ ఏడాది మే 24న కోనసీమ జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో అల్లర్లు రేగాయి. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. వెంటనే మొబైల్ నెట్ ఆపేశారు. ఇంట్లోంచి పని చేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళ జేబుల్లో రెండేసి సిమ్ములున్నాయి. కంపెనీలు వేరు, బిల్లులు వేరు. పుస్తకంలో రాసినట్టే ఉంది ఏర్పాటు. ఒక్క ఉత్తర్వుతో రెండూ పోయాయి. టవరు కూలలేదు, తీగ తెగలేదు, ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది!

అప్పుడు మనిషే ఫెయిలోవర్ అయ్యాడు. లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని కొందరు కాకినాడ, రాజమండ్రి దారి పట్టారు. కొందరు బాలయోగి వారధి దాటి యానాం చేరారు. యానాం పుదుచ్చేరిది, ఆంధ్రా ఉత్తర్వు అక్కడ చెల్లదు. రెండో దారి వేరే స్విచ్చి నుంచి రావాలని ఇంజినీర్లు నెత్తీ నోరూ బాదుకుంటుంటారు. కోనసీమవాళ్ళకి ఆ వేరే స్విచ్చి దొరకాలంటే గౌతమి దాటి ఇంకో ప్రభుత్వం ఏలుబడిలోకి పోవాల్సి వచ్చింది.

పుకార్లు ఆపడానికన్నారు. మొదటి రెండు రాత్రులకీ ఒప్పుకుందాం. కొన్ని మండలాల్లో దాదాపు రెండు వారాలు ఆపారే, పదో రోజున ఏ పుకారుకి కాపలా కాశారు? నెట్ నిరవధికంగా ఆపకూడదని, అవసరానికి మించి ఆపకూడదని, ఉత్తర్వు జనానికి కనపడేలా ప్రచురించాలని 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది నిబంధనలు సవరించి ఒక్కో ఉత్తర్వుకి పదిహేను రోజుల గడువు పెట్టారు. అది దాటకూడని గీత. మనవాళ్ళు మాత్రం మంజూరైన సెలవులాగా దాదాపు ఆఖరి రోజు దాకా వాడేసుకున్నారు. రాజ్యాంగం రాసినాయన పేరు జిల్లాకి పెట్టే సందర్భంలోనే ఈ ముచ్చట కూడా జరిగిపోయింది.

కాబట్టి అయ్యలారా, రెండే రెండు షరతులు రాసుకోండి. ఒకటి, సర్వరు బిల్లు పాస్ చేసే ముందు ఆడిటరు గారే స్వహస్తాలతో ఒక తీగ పీకాలి, పని ఆగకపోతేనే సంతకం పెట్టాలి. రెండు, నెట్ ఆపే ఉత్తర్వు మీద సంతకం పెట్టిన అధికారి ఆఫీసులోనూ ఇంట్లోనూ ముందుగా నెట్ ఆగాలి, జిల్లాలో ఆఖరి ఊరికి వచ్చాకే ఆయనకి రావాలి. ఇక ఏ కార్డూ కొనక్కర్లేదు. కోనసీమ మొత్తానికి తెల్లారేసరికి నెట్ దానంతటదే వచ్చేస్తుంది.