పదహారంకెల ఆసామి

ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఇలాంటి రావుగారు ఒక్కరైనా ఉంటారు. విజిటింగ్ కార్డు మీద పేరు, పేరు కింద డిగ్రీలు, డిగ్రీల కింద పరిశోధకులను గుర్తుపట్టడానికి ఇచ్చే పదహారంకెల ఆర్కిడ్ ఐడీ. గది తలుపు మీదా అదే, ఈమెయిల్ చివరా అదే. కొడుకు శుభలేఖలోనూ వేయిద్దామనుకుంటే వియ్యంకుడు అడ్డుపడ్డాడని డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకుంటారు. తీరా ఆ నంబరు పట్టుకుని వెతికితే పేజీలో ఆయన పేరు తప్ప మరేమీ ఉండదు.

నిజానికి 2012 అక్టోబరులో ఆర్కిడ్ పుట్టిందే రావుగారి లాంటివాళ్ల కోసం. మొదటి పేపరులో ఆయన కె. ఎస్. రావు. విదేశీ జర్నల్ వాళ్లు ఇంటిపేరు ఏదని నిలదీస్తే రావు కె. ఎస్. అయ్యారు. ఆ తర్వాత న్యూమరాలజిస్టు మాట మీద ఇంగ్లిషు స్పెల్లింగులో అదనంగా ఒక 'ఏ' చేరింది. కంప్యూటర్ లెక్కలో ఈయన ముగ్గురు మనుషులు. దేశంలో ఉన్న మిగతా కె. ఎస్. రావులు మాత్రం అందరూ కలిసి ఒక్కరే.

బ్రిటన్‌లో వెల్‌కమ్ ట్రస్ట్ 2015లోనే గ్రాంటు కావాలంటే ఈ ఐడీ ఉండాల్సిందేనంది. ఆ మాట ఎక్కడో చెవిన పడి రావుగారూ తీసుకున్నారు. తీసుకుంటే సరిపోదని, దాన్ని జర్నళ్లకీ గ్రాంటు పోర్టళ్లకీ కలపాలని ఆయన దగ్గరున్న రిసెర్చ్ స్కాలర్ అమ్మాయి చెబుతూనే ఉంది. పేపరు పంపేటప్పుడు ఆర్కిడ్‌తో లాగిన్ అయితే, పబ్లిషర్ ఆ ఐడీని పేపరు గుర్తింపు నంబరైన డీఓఐతో పాటు, ఆ నంబర్లు నమోదు చేసే క్రాస్‌రెఫ్‌కి పంపుతాడు. ఒక్కసారి సరేనంటే చాలు, ఆపైన ఐడీతో పంపిన ఏ పేపరు అచ్చయినా క్రాస్‌రెఫే వచ్చి ఆయన పేజీలో చేర్చి పోతుంది. ఆ 'ఒక్కసారి' దగ్గరే చిక్కు. 'ఆథరైజ్' అన్న బటన్ కనబడితే చాలు, ఆయనకు పేపర్లో చదివిన బ్యాంకు మోసాలన్నీ గుర్తొస్తాయి.

"ఎవడో వచ్చి నా ఖాతాలో రాస్తానంటే రాసుకోమనడమేనా అమ్మా?"

"డబ్బుల ఖాతా కాదు సార్, పేపర్ల ఖాతా."

"నాకున్న ఆస్తి అదే కదా!"

అందుకని అన్నిచోట్లా స్వహస్తాలతోనే టైపు చేస్తారు. ఆయన నంబరు చివర 'ఎక్స్' ఉంది. ముందున్న పదిహేను అంకెల్లో పొరపాటు దొర్లితే పట్టుకోవడానికి పెట్టిన గుర్తు అది. లెక్క పదికి తేలితే ఒక్క గడిలో పట్టదు కనుక ఎక్స్ వేస్తారు. రావుగారు దాన్ని అచ్చుతప్పు అనుకుని సున్నాగా దిద్దారు. గ్రాంటు ఫారం మొరాయించింది. నంబరు చెడిపోయిందని తేల్చేసి, ఇంకో ఈమెయిల్‌తో ఇంకో ఐడీ తెరిచారు. మనిషికి ఒకటే ఉండాలని కనిపెట్టిన వస్తువు మా రావుగారికి రెండు.

రావుగారి పేజీ అలా ఖాళీగా ఉంటే, ఆర్కిడ్ వాళ్లు నమూనాగా చూపించే పేజీ జొసాయా కార్బెర్రీ అనే ఆచార్యుడిది. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయం, పగిలిన కుండల శాస్త్రం. 1929లో ఎవరో సరదాకి నోటీసు బోర్డుకి అంటించిన ఉపన్యాస ప్రకటనలో పుట్టాడాయన, అంతకుమించి ఎక్కడా పుట్టలేదు. అసలు లేని ఆ మనిషి పేజీలో పేపర్లున్నాయి. కార్బెర్రీ సంగతి రావుగారి చెవిన వేయకపోవడమే మంచిది, పోటీకి దిగగలరు.

ప్రమోషన్ ఫైలు కదిలింది. పేపర్లెన్నంటే విద్వాన్ పోర్టల్లో ఒక లెక్క, స్కోపస్ డేటాబేస్‌లో ఒక లెక్క, బయోడేటాలో మరొకటి. బయోడేటా లెక్కే పెద్దదని వేరే చెప్పాలా? అమ్మాయికి కబురెళ్లింది. కుర్చీ వేయించి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని పాస్‌వర్డు కొట్టారు. ఆ పాస్‌వర్డు మానిటర్ అంచున పసుపు చీటీ మీద ఎర్ర సిరాతో రాసే ఉంది. రెండో ఐడీ మూతపడింది, బటన్ నొక్కడమూ అయింది. స్కోపస్ నుంచి పేరు మీద వెతికితే జాబితా బారుగా దిగింది. రావుగారిలో హుషారు పుట్టి వరసబెట్టి టిక్కులు కొట్టడం మొదలుపెట్టారు.

"సార్, సార్, ఆగండి. ఇది రొయ్యల తెల్లమచ్చ తెగులు మీద పేపరు. మీది ఎకనామిక్స్ కదా?"

రావుగారు కళ్లజోడు పైకి తోసుకుని తెర మీదికి వంగారు.

"సైటేషన్లు ఎన్ని?"

"రెండొందల పైనే సార్."

"రొయ్యకీ ఎకనామిక్స్‌కీ సంబంధం లేదంటావా? భీమవరం వెళ్లి ఆ మాట అను చూద్దాం."